లా కాలేజీకి ముందు ఒక ఇనుప కుర్చీ

ఏటా ఎండాకాలం చివర మా ఇంటికి ఎవరో ఒకరు తమ పిల్లనో పిల్లవాణ్ణో వెంటబెట్టుకుని వస్తారు. లా సీటు వచ్చిందని చెబుతారు. మొదటి సంవత్సరం క్లాసులు మొదలయ్యేలోపు ఏ పుస్తకాలు చదివితే మంచిదో చెప్పమంటారు. ఏమీ చదవొద్దంటాను. నవ్వుతారు. నాకు తమాషా మనిషినన్న పేరుంది కాబట్టి వాళ్ళను తప్పు పట్టలేను. మా ఇంటి నుంచి నేరుగా పుస్తకాల దుకాణానికి పోయి, అక్కడ అన్నిటికంటే లావుగా ఉన్నదాన్ని కొంటారు. ఇన్నేళ్ళుగా ఇదే జరుగుతోంది. నోటిమాటతో పని జరగడం లేదు కనుక రాసి పెడుతున్నాను.

నేను నిజామాబాద్, బోధన్ కోర్టుల్లో వకీలుగా పనిచేసి మానేశాను. ఏ ఏడు ఏ పదవి వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. శాలువాలు ఇంట్లో ఉన్నాయి. చలికాలం వాడుతున్నాం.

నేను సిద్ధమైన తీరు

డిగ్రీలో ఒక పేపరు నన్ను వదిలిపెట్టలేదు. రెండోసారి రాసి గట్టెక్కేసరికి హైదరాబాద్‌లో లా కాలేజీ అడ్మిషన్లు అయిపోయాయి. వచ్చే ఏడు దాకా ఖాళీ. మా బాపుకు స్టేషన్ దగ్గర సైకిల్ దుకాణం ఉండేది. అక్కడ కూర్చుని లా కాలేజీకి సిద్ధమవుదామనుకున్నాను.

లైబ్రరీ నుంచి ఒక ఇంగ్లీషు లా పుస్తకం తెచ్చాను. దాన్ని చదవడానికి డిక్షనరీ తెచ్చాను. అందులోని సగం మాటలు ఇందులో లేవు. లేని మాటలు లాటిన్ అని తర్వాత తెలిసింది. అర్థం తెలియకపోయినా వాటినే బట్టీ పట్టాను, ఎందుకంటే అవే గంభీరంగా ఉన్నాయి. పంక్చర్ వేయించుకోవడానికి వచ్చినవాళ్ళకు, దారిలో మేకు పారేసినవాడి బాధ్యత గురించి చెప్పేవాణ్ణి. వాళ్ళు ఓపికగా విని, "మేకు దీసి ప్యాచ్ ఎయ్ గంగాధర్" అనేవారు.

బాపు పెళ్ళినాటి నల్లకోటు వేసుకుని అద్దం ముందు వాదించేవాణ్ణి. అద్దం ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. నేను ప్రతిరోజూ గెలిచాను.

బాపు కొన్నాళ్ళు చూశాడు. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని మొయినుద్దీన్ సాబ్ ఆఫీసుకు తీసుకుపోయాడు. ఆయన పేరున్న వకీలు. ఆయన సైకిల్‌ను మొదటి నుంచీ బాపే బాగుచేసేవాడు.

"వీడు లా సదువుతడట సాబ్" అన్నాడు బాపు. "అప్పటిదాక మీ దగ్గర కూసోబెట్టుకోండ్రి. దుకాన్ల ఉంటే గిరాకీ పోతుంది."

"ఏమొస్తది నీకు?" అన్నాడు సాబ్ నాతో.

లాటిన్ చెప్పాను.

సాబ్ బాపు వైపు తిరిగి, "బీమారీ ఎన్ని దినాల సంది?" అన్నాడు.

సాబ్ పద్ధతి

మొయినుద్దీన్ సాబ్ ఉర్దూ కోర్టుల మనిషి. అర్జీలు, తీర్పులు, తిట్లు అన్నీ ఉర్దూలో ఉన్నప్పుడు పేరు తెచ్చుకున్నాడు. రాష్ట్రం మారాక కాగితాలు ఇంగ్లీషులోకి పోయాయి. తలంతా నెరిశాక ఆయన మళ్ళీ విద్యార్థి అయ్యాడు. వాదన మనసులో ఉర్దూలో తయారుచేసుకుని, ఇంగ్లీషులో చెప్పి, క్లయింటుకు తెలుగులో వివరించేవాడు. మూడింటిలోనూ తక్కువ మాట్లాడేవాడు. ఆయన గెలుపులో సగం ఆ పొదుపుదేనని నా అభిప్రాయం.

ఆఫీసులో క్లయింట్లకు రెండు కుర్చీలు ఉండేవి. ఒకటి చేతులున్న పేము కుర్చీ, మంచిది. రెండోది మడత పెట్టే ఇనుప కుర్చీ, కూర్చున్నవాడికి మడతపడుతుందేమో అని భయం వేసేది. వచ్చినవాణ్ణి మొదట పేము కుర్చీలో కూర్చోబెట్టి తన గోడు మొత్తం చెప్పనిచ్చేవాడు. ఏడిస్తే ఏడవనిచ్చేవాడు. అయిపోయాక ఇనుప కుర్చీ చూపించి, "ఇగ అటు కూసో. ఇప్పుడు నువ్వు నువ్వు కాదు, అవతలోనివి. ఆయన కథ ఆయన లెక్కనే చెప్పు" అనేవాడు.

జనానికి ఇది నచ్చేది కాదు. ఫీజు తీసుకుని శత్రువు తరఫున మాట్లాడించడం ఏం న్యాయమని లేచి పోయినవాళ్ళున్నారు. ఇంకో వకీలు దగ్గర కుర్చీలన్నీ పేమువేనని తెలిసి అక్కడికి పోయేవాళ్ళు. ఉండిపోయినవాళ్ళు మొదట వెక్కిరింతగా మొదలుపెట్టేవాళ్ళు, గొంతు మార్చి, మూతి తిప్పి. కాసేపయ్యాక వెక్కిరింత ఆగిపోయేది. దాని తర్వాత చెప్పిందే సాబ్ రాసుకునేవాడు.

అవతలి కథ చెప్పడం రాని వాళ్ళకు బదులు నన్ను కూర్చోబెట్టేవాడు. నాకు మాత్రం ఆ కుర్చీ నచ్చింది. జీతం లేకపోయినా వేషం ఉంది.

సాయిలు చెరుకు

చక్కెర ఫ్యాక్టరీ సీజన్ ముగింపుకు వస్తున్న రోజుల్లో సాయిలు వచ్చాడు, భార్య గంగవ్వతో. కోటగిరి దగ్గరి పల్లె. పేము కుర్చీలో అంచు మీద కూర్చుని తన గోడు చెప్పాడు.

ఆయన చెరుకు పొలానికీ రోడ్డుకూ మధ్యన బామ్మర్ది పోశెట్టి పొలం ఉంది. గంగవ్వకు పోశెట్టి సొంత తమ్ముడు. చెరుకు బండ్లు ఎప్పుడూ పోశెట్టి పొలం అంచున బాట మీదుగానే పోయేవి. ఈ ఏడు పోశెట్టి బాటకు అడ్డంగా కందకం లాంటి మోరి తవ్వాడు. సరిగ్గా అప్పుడే చెరుకు కొట్టి పంపమని ఫ్యాక్టరీ నుంచి కోత ఆర్డర్ వచ్చింది.

"మరాఠోళ్ళు కోతకచ్చి పొలంల గుడిసెలేస్కున్నరు సాబ్" అన్నాడు సాయిలు. "కొట్టాల్నా అద్దా అని దినాం అడుగుతున్నరు. కొట్టినంక బండ్లు ఎటు పోవాలె? కాలువ గట్టు మీదికెళ్ళి ఖాళీ బండి పోతది. చెరుకు బండి పోతే తలకిందులైతది. గీ ఆర్డర్ పోతే మళ్ళ నా వంతు రాకముందే ఫ్యాక్టరీ బంద్ అయితది. ఏడాది పంట నిలవడ్డట్టే ఎండుతది."

నేను పుస్తకంలో ఆ భాగమే చదివి ఉన్నాను. బాట హక్కు, ఇంజంక్షన్, రెండు లాటిన్ ముక్కలు, అన్నీ ఒకేసారి నోటికొచ్చాయి.

"నువ్వు కాలేజీకి పోయినంక చెప్పు" అన్నాడు సాబ్ నాతో. సాయిలుకు ఉన్న సంగతి చెప్పాడు: దావా వేస్తే పోశెట్టికి నోటీసు పోవాలి. అప్పటికే అతను బోధన్‌లో ఒక వకీలును పెట్టుకున్నాడు, ఆ వకీలు జవాబుకు టైం అడుగుతాడు. జడ్జి ఇవ్వక తప్పదు, అవతలి మాట వినకుండా తేల్చడం కుదరదు కదా. బాట చూసి రావడానికి ఒకరిని పంపిస్తారు. ఇంతలో వేసవి సెలవులు. "కోర్టు తప్పేం లేదు" అన్నాడు. "కోర్టుకు తన టైం ఉంటది, చెరుకుకు తన టైం ఉంటది."

తర్వాత ఇనుప కుర్చీ చూపించాడు.

"నేను పోశెట్టి లెక్క మాట్లాడాల్నా?" అన్నాడు సాయిలు. "గా లుచ్ఛాగాని లెక్కనా?"

"నా తమ్ముణ్ణి ఏమన్న అంటే మంచిగుండది" అంది గంగవ్వ.

"నేనేమన్న? ఇప్పుడు వాని తరఫున నేనే మాట్లాడుతున్న గద."

కూర్చున్నాడు. పోశెట్టి మెడ ఎత్తి మాట్లాడతాడట, మెడ ఎత్తాడు. "నేను గొప్పోణ్ణి, నాది రోడ్డుకున్న పొలం" అని మొదలుపెట్టాడు. గంగవ్వ మొహం తిప్పుకుంది. నేను నవ్వాను. సాబ్ నవ్వలేదు, "ఇంక" అన్నాడు.

"మా బావ ప్రతి ఏడు మొదటి బండి కట్టేముందు మా ఇంటికి అస్తుండె" అన్నాడు సాయిలు. "అరుగు మీద కూసుంటుండె. కల్లు పోస్తే తాగుతుండె. పోయేటప్పుడు, బామ్మర్దీ బండ్లు పోవాలె అంటుండె. పో బావా అంటుంటి. గంతే."

"ఇంక."

"ఈ ఏడు రాలే. మా అక్కను గూడ పంపలే. మొన్న ఎరువు బండి తోల్కపోయిండు. నేను గట్టు మీదనే నిలవడ్డ. నా దిక్కు సూడలే. నేనొకణ్ణి ఆడ ఉన్ననని గూడ..." సాయిలు ఆగిపోయాడు. మెడ ఎప్పుడు దిగిందో మేం చూడలేదు.

"మీ బావ ఎందుకు రాలే ఈ ఏడు?" అన్నాడు సాబ్.

"ఎవరో చెప్పిండ్రట ఆయనకు. అడగొద్దని."

"ఎవరు చెప్పిండ్రు?"

ఇనుప కుర్చీలోంచి సాయిలు ఆయన వైపు చూశాడు. "మీరే చెప్తిరి గద సాబ్."

నిజమే. కిందటేడు ఇంకేదో పని మీద వచ్చినప్పుడు, పోతూ పోతూ బాట గురించి అడిగాడు. చాయ్ తాగుతూ సాబ్ జవాబు చెప్పాడు. చట్టం చాలా పేజీల్లో చెప్పేదాని సారం ఇది: ఇంకొకరి పొలం మీదుగా ఏళ్ళ తరబడి, అందరూ చూస్తుండగా, ఎవర్నీ అడగకుండా నాదే అన్నట్టు నడిస్తే, ఆ బాట మీద హక్కు పుడుతుంది. అడిగి నడిస్తే పుట్టదు. అడిగినవాడు అవతలివాడి దయ మీద నడిచినట్టు లెక్క. కాబట్టి ఇకమీద అడగకు అన్నాడు సాబ్. ఒక్క అక్షరం తప్పు లేదు.

అందరూ సాబ్ మొహం చూస్తున్నారు. అంతసేపు నోరు మూసుకుని ఉండటం నాకు అదే మొదటిసారి. నోట్లో బిస్కట్టు ఉండటం వల్ల అయి ఉండొచ్చు.

"చెప్పిన" అన్నాడు సాబ్ చివరకు. "సహీ చెప్పిన. నువ్వు బాట గురించి అడిగితివి, బాట గురించి చెప్పిన. బామ్మర్ది గురించి నువ్వు అడగలే, నేను గూడ అడగలే."

గంగవ్వకు ఓపిక అయిపోయింది. "బావాబామ్మర్దులు మీరిద్దరు గిట్లనే ఉండుండ్రి. నేను పోయి కాలువల పడుత."

"కాలువ బంద్ ఉన్నది అక్కా" అన్నాను. "మంగళవారం దాక నీళ్ళిడువరు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "గట్లయితే మంగళారం దాక ఏదో ఒకటి తేల్చుండ్రి" అంది.

సాబ్ కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "సాయిలూ, ఇను. పోయి అడిగితే చెరుకు ఫ్యాక్టరీకి పోతది, పుట్టబొయ్యే హక్కు నీళ్ళ కలుస్తది. రేపు కోర్టుల నిలవడితే, అడిగినవా అని అడుగుతరు. అడగకుంటే హక్కు ఉంటది, చెరుకు ఉంటది. రెండు పొలంలనే ఉంటయి."

"నేనడగ" అన్నాడు సాయిలు. "అడిగితే ఇన్నేండ్లు వాని దయ మీద నడిచినట్టే గద. మీరే అంటిరి."

"నా మాట గింత యాదుంచుకున్న క్లయింటు ఇంకొకడు లేడు" అన్నాడు సాబ్. అది మెచ్చుకోలు కాదు.

మోరి గట్టున

సాబ్ క్లయింట్ల ఊళ్ళకు పోయే మనిషి కాదు. వకీలు ఊళ్ళోకి పోతే సగం ఊరు సాక్షులైపోతుందనేవాడు. ఆ ఆదివారం మాత్రం షేర్వానీ వేసుకుని స్టేషన్‌కు వచ్చాడు. చిన్న రైల్లో బోధన్ పోయాం. పోశెట్టి వకీలును కలవకుండా పోశెట్టితో మాట్లాడకూడదు కాబట్టి ముందు ఆయన ఇంటికి పోయాం. ఆయన బనీను మీద బయటికొచ్చి, "వాళ్ళే మాట్లాడుకుంటే మంచిదే సాబ్, నాకు పండుకోనీకి దొరుకుతది" అన్నాడు. కొత్తగా వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. అవతలి వకీలు మీ శత్రువు కాదు. అతనికీ ఆదివారాలు ఉంటాయి.

అక్కడి నుంచి బస్సు, బస్సు దిగి సాయిలు తోలుకొచ్చిన బండి. దారి పొడుగునా చెరుకు బండ్లు ఎదురవుతూనే ఉన్నాయి, ఫ్యాక్టరీ వైపు పోతూ. ఎవరి బండి ఎదురైనా సాయిలు తల తిప్పుకున్నాడు.

మోరి బాగా తవ్వాడు పోశెట్టి. నేను కోపంలో తవ్విన మోరీలు తర్వాత చాలా చూశాను, వంకరటింకరగా ఉంటాయి. ఇది తిన్నగా ఉంది, బుద్ధిగా తవ్వినట్టుంది. అవతల గట్టున పోశెట్టి, ఇవతల మేము. గంగవ్వ మోరి దాటి పోయి తమ్ముడి పక్కన నిలబడింది, ఆలోచించి మళ్ళీ ఇవతలికి వచ్చింది. ఆ రోజు ఎక్కువ పనిచేసినవి ఆమె కాళ్ళే.

సాబ్ పోశెట్టితో, "నువ్వు మీ బావవనుకో. ఆయన కథ చెప్పు" అన్నాడు.

"నేను ఎవణ్ణి గాను, పోశెట్టినే" అన్నాడు పోశెట్టి. "అడిగేదుంటే నన్నే అడుగుండ్రి."

ఇనుప కుర్చీని ఇంత తేలిగ్గా ఎవరూ తన్నేయలేదు. సాబ్ మరో దారి తీశాడు. "సరే, నువ్వే. మోరి ఎందుకు తవ్వినవ్?"

"మా వకీలు చెప్పిండు. మీ బావ అడగకుండ పోతుంటే నువ్వు ఊకున్నవనుకో, కొన్నేండ్లకు బాట ఆయనదైతది, అడ్డం పెట్టు అన్నడు. నాకేమన్న సరదానా, గీ ఎండల మోరి తవ్వుడు? అస్తడేమో, అడుగుతడేమోనని మస్తు దినాలు సూసిన. కల్లు గూడ తెప్పించి పెట్టిన. రాలే. తవ్విన."

అదీ సంగతి. ఇద్దరు వకీళ్ళు, ఒకే చట్టం, రెండు సరైన సలహాలు. ఒకాయన అడగొద్దన్నాడు, ఇంకొకాయన అడగకపోతే పోనీయొద్దన్నాడు. మధ్యలో చెరుకు ఎండుతోంది.

"అడిగితే?" అన్నాడు సాబ్.

"అడిగితే పొమ్మంట. ఎప్పుడద్దన్న?"

అందరం సాయిలు వైపు చూశాం. సాయిలు చెరుకు వైపు చూస్తున్నాడు. కోతవాళ్ళ మేస్త్రీ, ముకద్దం, గుడిసెలోంచి కొడవలి పట్టుకుని వచ్చాడు. ఇంతమంది పెద్దలు కూడితే ఏదో తేలి ఉంటుందనుకున్నాడు పాపం. కొట్టాలా వద్దా అని మరాఠీలో అడిగాడు. కొడవలి భుజాన వేసుకుని అక్కడే నిలబడ్డాడు.

సాయిలు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నేల చూస్తూ ఏదో అన్నాడు.

"గింత సిన్నగ అంటే ఎట్ల ఇనవడుతది బావా?" అన్నాడు పోశెట్టి. "నడుమ మోరి ఉన్నది."

"బండ్లు పోవాలె బామ్మర్దీ" అన్నాడు సాయిలు. ఈసారి పక్క పొలంలోవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"పో బావా" అన్నాడు పోశెట్టి. "గని మోరి నువ్వే పూడ్చాలె. తవ్వంగ నా నడుం పట్టుకున్నది."

"ఇద్దరు పూడుస్తరు" అంది గంగవ్వ.

ఇద్దరూ పూడ్చారు. కౌగిలింతలేమీ జరగలేదు. మట్టి తక్కువ పడుతోందని ఒకరినొకరు తిట్టుకున్నారు. ముకద్దం మనుషుల్ని కేకేశాడు. మొదటి చెరుకు గడలు పడుతున్న చప్పుడు వినబడ్డాక, గట్టు మీద కూర్చున్న సాబ్ లేచాడు. షేర్వానీ వెనకంతా మట్టి. నేను దులపబోతే ఉండనీ అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. "కానూన్‌ల నా తప్పు లేదు గంగాధర్" అన్నాడు.

"లేదు సాబ్."

"అడిగినదానికి జవాబు చెప్పి ఊకున్న. గదొక్కటే." నా వైపు తిరిగి, "టిఫిన్ల తెచ్చుకున్న తీపి షీరా బండిల నువ్వు తిన్నవు, నాకుంచినవా?" అన్నాడు. ఉంచలేదు.

కాలేజీలో అదే ప్రశ్న

జూలైలో హైదరాబాద్‌లో లా కాలేజీలో చేరాను. లాటిన్ మాటల అర్థాలు అక్కడ చెప్పారు. అర్థం తెలిశాక వాటిలో గాంభీర్యం తగ్గింది. నేను సైకిల్ దుకాణంలో చదివిన పుస్తకం పాతదైపోయిందని, అందులోని చట్టంలో కొంత మారిందని కూడా చెప్పారు. పంక్చర్ గిరాకీలకు నేను చెప్పినవన్నీ రద్దు.

పరీక్షలో బాట హక్కు ప్రశ్నే వచ్చింది. అనుమతి అడిగి నడిచినవాడికి హక్కు పుట్టదని రాశాను. మంచి మార్కులు పడ్డాయి. సాయిలు సంగతి రాయలేదు. దానికి మార్కులు ఉండవు, ఉండకూడదు కూడా. కాలేజీ పని మీకు చట్టం నేర్పడం. ఆ పని బాగానే చేస్తుంది. కాలేజీ బామ్మర్దుల గురించి చెప్పలేదని అలిగేవాళ్ళను చూశాను, వాళ్ళు చట్టమూ సరిగా నేర్చుకోలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మొయినుద్దీన్ సాబ్ గొప్ప గురువని ఇప్పుడు అందరూ అంటారు. ఆయన దగ్గర పనిచేసినప్పుడు ఎవరూ అనలేదు. మెచ్చుకునేవాడు కాదు. తప్పు చేస్తే క్లయింటు ముందే చెప్పేవాడు. మన టిఫిన్ మీద కన్నుండేది. కానీ గొడవ తన సలహా వల్ల జరిగిందని తెలిసినప్పుడు, క్లయింటు వైపు కాకుండా తన వైపు చూసుకున్నాడు. నేను తర్వాత చూసిన పెద్ద వకీళ్ళలో అది చేసినవాళ్ళు తక్కువ.

సాయిలు ఓడిపోయిన కేసు

డెబ్బైలలో పోశెట్టి పొలం అమ్ముకుని కొడుకు దగ్గరికి నిజామాబాద్ వచ్చేశాడు. కొన్నాయన పక్క ఊరి రైతు. ఆయన వస్తూనే బాటకు కంచె వేశాడు. అప్పటికి సాబ్ లేడు. ఆఫీసు, అందులోని కుర్చీలు నాకు వచ్చాయి. సాయిలు నా దగ్గరికి వచ్చాడు.

అలవాటు ప్రకారం ఇనుప కుర్చీ చూపించాను. కూర్చున్నాడు. "గీయన ఎవలో నాకు తెల్వది, ఏమని చెప్పాలె?" అన్నాడు.

"పోయి అడిగినవా?"

"అడగకుండ ఉంటనా? సాబ్ నేర్పిండు గద. పొమ్మననీకి ఆయనకు భయమైతున్నది. ఊరంతా, గీ బాట సాయిలుదే, తాతల సంది ఉన్నది అని ఆయన చెవుల ఊదిండ్రు. పోనిస్తే భూమి పోతదేమోనని వాళ్ళ వకీలును అడిగిండు. కోర్టు తేల్చేదాక పోనియ్యకు అన్నడట."

దావా వేశాను. అది నడిచినన్నాళ్ళూ సాయిలు చెరుకు మానేసి వరి వేశాడు. వడ్ల బస్తాలనైతే కాలువ గట్టు మీదుగా మోసుకురావచ్చు. చెరుకు రైతుకు వరి వేయడం ఎలా ఉంటుందంటే, ఆయన మాటల్లోనే, ఇంకొకరి చెప్పులు వేసుకున్నట్టు ఉంటుంది.

అవతలివాళ్ళు పోశెట్టినే సాక్షిగా పిలిచారు. మీ బావ ప్రతి ఏడూ అడిగేవాడా అని వాళ్ళ వకీలు అడిగాడు. అడిగేటోడు అన్నాడు పోశెట్టి. నా వంతు వచ్చింది.

"మీ బావ అడగకపోతే పోనియ్యకపోదువా?" అన్నాను.

పోశెట్టి ఆలోచించాడు. ప్రమాణం చేసి ఉన్నాడు మరి. "ఒకసారి అడగలే, మోరి తవ్విన" అన్నాడు.

ఆ మాటతో మా కేసు అక్కడే కూర్చుంది, మళ్ళీ లేవలేదు. ఓడిపోయాం. తీర్పు సరైనదే. నేను జడ్జినైనా అదే రాసేవాణ్ణి. బయట మెట్ల మీద సాయిలు, పోశెట్టి ఒకే బీడీ మార్చుకుంటూ తాగుతున్నారు. ఇద్దరికీ జుట్టు తెల్లబడింది. "నిజం చెప్పకుంటే ఏమయితుండె?" అని సాయిలు అడుగుతున్నాడు. "నీకు బాట అస్తుండె, నాకు జైలు అస్తుండె" అంటున్నాడు పోశెట్టి.

నేను దగ్గరికి పోయి, అప్పీలుకు పోవచ్చన్నాను, అనాలి కాబట్టి.

"అద్దు" అన్నాడు సాయిలు. "రేపు పోయి ఆయనను అడుగుత."

"కేసు గెలిచినోడు ఇప్పుడెందుకు పోనిస్తడు?"

"సూద్దాం."

కొన్నాళ్ళ తర్వాత గంగవ్వ మా ఇంటికి చెరుకు గడల కట్ట ఒకటి తెచ్చి గోడకు ఆనించింది. పోనిచ్చాడట. "కోర్టు నాదే అన్నది గద, ఇంక నాకేం భయం, తోలుకపో" అన్నాడట ఆ కొన్నాయన. బాట తన చేతిలోంచి పోదని ఖాయమయ్యాక కంచె తీసేశాడు. సాయిలు మళ్ళీ చెరుకు పెట్టాడు. బతికున్నన్నాళ్ళూ మొదటి బండి కట్టేముందు ఆయన ఇంటికి పోయి అడిగాడు. ఆ ఇంట్లో కల్లు పోసేవాళ్ళు కాదు, చాయ్ ఇచ్చేవాళ్ళు. సాయిలుకు ఉన్న ఫిర్యాదు అదొక్కటే.

మేం కేసు గెలిచి ఉంటే ఆ కొన్నాయన అప్పీలుకు పోయేవాడు, కంచె అలాగే ఉండేది. ఓడిపోవడం వల్ల క్లయింటు పని జరిగిన కేసు నా లెక్కలో అదొక్కటే. దాన్ని పద్ధతిగా చేసుకోమని కొత్తవాళ్ళకు చెప్పను. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు.

ఇక మొదటి సంవత్సరానికి ఎలా సిద్ధం కావాలన్న ప్రశ్న. పుస్తకాలు కాలేజీలో ఇస్తారు, చదవకుండా ఉండనివ్వరు. వెళ్ళేలోపు మీరు ఎవరితోనైనా గొడవపడి ఉంటారు, తమ్ముడితోనో, పక్కింటివాళ్ళతోనో, ఇంటి ఓనర్‌తోనో. ఆ గొడవను వాళ్ళ తరఫున, వాళ్ళు వింటే అవును అనేలా, నాకు చెప్పగలిగితే చాలు. సాబ్ ఇనుప కుర్చీ మా వరండాలో ఉంది. తుప్పు పట్టింది, బట్టలకు అంటుకుంటుంది. వచ్చేటప్పుడు పాత ప్యాంటు వేసుకుని రండి.